పక్క తలుపు బిళ్ళ

మా బాబాయి ముప్పై నాలుగేళ్ళు రైల్వే కేబిన్‌లో పనిచేశాడు. పట్టాల పక్కన ఎత్తుగా కట్టిన ఇరుకు గది, నడుమెత్తు ఇనుప లివర్లు, ఒక గంట, ఒక టెలిఫోను. పక్క స్టేషను వాళ్ళు గంట కొట్టి లైను క్లియరా అని అడుగుతారు. ముందు వెళ్ళిన బండి చివరి పెట్టెకి వేలాడే ఎర్ర దీపాన్ని కళ్ళారా చూశాకే ఇతను క్లియర్ ఇవ్వాలి. ఆ దీపం కనబడలేదంటే వెనక పెట్టెలు ఊడిపోయి పట్టాల మీదే ఉండిపోయాయేమోనని భయం.

"చూశాననుకుని ఇవ్వకూడదమ్మడూ, చూసి ఇవ్వాలి," అనేవాడు.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "నాకు సెలవు దొరికిన రోజున అమ్మాయి దొరకలేదు," అని నవ్వేవాడు. మోకాళ్ళు అరిగిపోయాక మా ఇంట్లో ఉండమన్నాను. మాది లిఫ్టు లేని మూడో అంతస్తు. ఏడాదిన్నర పాప. నేనూ మా ఆయనా పొద్దున పోతే సాయంత్రానికి వస్తాం. ఒక్కడే మెట్ల మీద పడిపోతే ఎలాగని నేను రోజూ వణుకుతుంటే, చివరికి అతనే తేల్చేశాడు: "నీకు ఒక పసిపిల్ల చాలు. నన్ను ఎక్కడైనా చేర్పించు."

వృద్ధుల కాలనీలు మూడు చూశాను. నాలుగోది నచ్చడానికి కారణం ఒక చెక్క బిళ్ళ.

ప్రతి తలుపు గడియకీ అలాంటిదొకటి వేలాడుతుంది. ఒకవైపు ఎరుపు, రెండోవైపు ఆకుపచ్చ. సాయంత్రం భోజనాలయ్యాక ఆయా వచ్చి అన్నిటినీ ఎరుపు వైపు తిప్పి పోతుంది. పొద్దున ఎనిమిది లోపల ఎవరి బిళ్ళ వాళ్ళు తలుపు తీసి ఆకుపచ్చ వైపు తిప్పుకోవాలి. ఎనిమిదింటికి నర్సు వరండా పొడుగునా నడుస్తుంది. ఎరుపు కనబడిన తలుపు తడుతుంది, పలక్కపోతే తాళం తీసుకుని లోపలికి వెళుతుంది. నేను నీళ్ళ పరీక్షల ల్యాబులో పనిచేస్తాను. ఏ కబురూ లేకపోతే ప్రమాదమని ముందే అనుకునే ఏర్పాటు ఎంత మంచిదో నాకు తెలుసు. బాబాయి బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పెట్టినవాడు మా రైల్వేవాడే అయ్యుంటాడు," అన్నాడు.

అక్కడివాళ్ళకి మాత్రం అదొక వేళాకోళం. ఎదురు గది లెక్కల మాస్టారు పొద్దున్నే కాఫీ దగ్గర అందరినీ పలకరించే తీరే అది. "ఏమయ్యా, ఇవాళ్టికి కూడా పోలేదని బిళ్ళ తిప్పొచ్చావా?"

"ఆ మాట మీ కోడలికి ఫోన్ చేసి చెప్పండి మాస్టారూ, పాపం ఎదురుచూస్తుంటుంది," అనేది టైలరమ్మ.

బాబాయి పక్క గది ఆవిడదే. నలభై ఏళ్ళు బడిపిల్లల యూనిఫారాలు కుట్టి కూతుర్ని చదివించింది. కిటికీ కింద పాత కాలితొక్కుడు మిషను. వరండాలో ఎవరి చొక్కా చంక చిరిగినా ఆవిడ గదికే చేరేది. మా పాపకి పొట్టి గౌన్లు రెండు కుట్టింది. కూతురు నెలకి రెండుసార్లు వచ్చేది. "అమ్మ ఇక్కడుంది కాబట్టే నాకు కంటిమీద కునుకు," అని నాతో చెప్పేది. నేనూ తలూపేదాన్ని.

బిళ్ళకి ఒక షరతు ఉంది. నెలలో మూడుసార్లు ఎరుపు మిగిలిపోతే మనిషిని వెనక బ్లాకుకి మారుస్తారు. అక్కడ మంచం పక్కన మంచం, తెరలు, గడియల్లేని తలుపులు. సూదీ కత్తెరా ఉండకూడదు. మిషను సంగతి సరేసరి. మేం సంతకం పెట్టిన కాగితంలో అది ఆరో పేజీలో ఉంది. నేను చదివాను, మంచిదే అనుకున్నాను.

బీపీ మాత్ర మార్చినప్పటి నుంచి టైలరమ్మకి పొద్దున లేవబుద్ధయ్యేది కాదు. పది రోజుల్లో రెండు ఎరుపులు పడ్డాయి. ఆ మధ్యాహ్నం ఆవిడ బాబాయి గదికి వచ్చింది.

"అన్నయ్యగారూ, మీరు అయిదింటికే లేస్తారు కదా. పనిలో పనిగా నాది కూడా తిప్పెయ్యండి. నేను చావలేదండీ, బద్ధకం అంతే."

"కుదరదమ్మా. నీ బిళ్ళ నేనెలా తిప్పుతాను?"

"మిషను తీసేస్తే నేనేం చెయ్యాలక్కడ? తెరకేసి చూస్తూ కూర్చోవాలా? ఈ నెలాఖరు దాకా చాలు."

రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడోరోజు ఒప్పుకున్నాడు, కానీ తన పద్ధతిలో. పొద్దున ఏడింటికి మధ్య గోడ మీద రెండు దెబ్బలు కొడతాడు. ఆవిడ పడుకున్నచోటి నుంచే రెండు దెబ్బలు తిరిగి కొట్టాలి. అవి వినబడితేనే వెళ్ళి బిళ్ళ తిప్పుతాడు. కేబిన్‌లో గంటకి గంట బదులిచ్చినట్టే. ఈ సంగతి నాకు చెప్పినప్పుడు మురిసిపోతూ చెప్పాడు. నేనూ నవ్వాను. ఆ రెండు ఎరుపులూ బిళ్ళ తప్పు కాదని, ఆ కొత్త మాత్ర ఆవిడకి పడటం లేదని అవి చెబుతున్నాయని నాకు తట్టలేదు. రోజంతా కొలతలతో పనిచేసేదాన్ని, నాకే తట్టలేదు.

పదమూడు రోజులు సవ్యంగా జరిగింది. పద్నాలుగోనాడు బాబాయి గోడ మీద రెండు దెబ్బలు కొట్టాడు. బదులు వచ్చింది. అయితే రెండు కాదు, గబగబా అయిదారు. పరాచికాలాడుతోందనుకున్నాడు. "విన్నానులేవమ్మా, గోడ పడగొడతావా ఏం!" అని కేకేసి, వెళ్ళి బిళ్ళ తిప్పి కాఫీకి పోయాడు.

టైలరమ్మ అప్పటికే బాత్రూమ్ నేల మీద పడి ఉంది. తుంటి విరిగింది. చేతికందిన ప్లాస్టిక్ మగ్గుతో అదే మధ్య గోడని కొడుతోంది.

ఎనిమిదింటికి నర్సు ఆకుపచ్చ చూసి దాటిపోయింది. భోజనానికి రాకపోతే ఒంట్లో బాగోలేదేమో అనుకున్నారు. రెండింటికి మాస్టారు చొక్కా గుండీ కుట్టించుకోవడానికి వెళ్ళి తలుపు తట్టాడు, పలక్కపోతే నర్సుని పిలిచాడు. అప్పటికి ఆవిడ పడి ఏడు గంటలు దాటింది. మగ్గు పట్టుకున్న వేళ్ళు విప్పడానికి ఇద్దరు కావలసి వచ్చారట.

ఆసుపత్రి వరండాలో కూతురు నా చేయి పట్టుకుని, "పొద్దున లేచి బిళ్ళ తిప్పిందట. మధ్యాహ్నమే పడి ఉంటుంది. ఎక్కువసేపు బాధపడలేదు, అదే కాస్త ఊరట," అంది.

బాబాయికి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "ఇప్పుడు బయటపెడితే ఎవరికి లాభం? ఆ కూతురికున్న కాస్త ఊరటా పోతుంది. నిన్ను ఇక్కడినుంచి పొమ్మంటే నేను ఎక్కడ పెట్టుకోను?" నిజానికి నన్ను భయపెట్టింది ఆ చివరి మాటే.

"దీపం చూడకుండా ఇచ్చానమ్మడూ," అన్నాడు.

మర్నాడే కూతురితో అంతా చెప్పేశాడు. ఆవిడ తన చెప్పులకేసి చూసింది.

"మా అమ్మ అడిగితే మాత్రం మీరు వినాలా మామయ్యగారూ?"

బాబాయి తలవంచుకున్నాడు.

"నేను మాత్రం ఏం చేశాను! ఫోన్లో బాగున్నానంటే పెట్టేసేదాన్ని," అని ఆవిడ గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. మళ్ళీ అతనితో మాట్లాడలేదు. ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పాలని మేనేజరు వరండాలో నోటీసు అంటించి ఊరుకున్నాడు. బాబాయిని ఎవరూ పొమ్మనలేదు. నేను గుండెల మీద చేయి వేసుకుని నిద్రపోయాను, సిగ్గులేకుండా.

టైలరమ్మని ఆసుపత్రి నుంచి నేరుగా వెనక బ్లాకుకి తెచ్చారు. మిషను ఆటోలో కూతురింటికి వెళ్ళింది.

ఆ వారమే బాబాయి తలుపు మీద ఎరుపు మిగిలింది. నర్సు పరుగున వెళితే స్నానం చేసి, తల దువ్వుకుని, కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "మర్చిపోయారా తాతగారూ?" అంటే, "లేదమ్మా," అన్నాడు. మర్నాడూ అంతే. మూడోరోజూ అంతే. మేనేజరు సంతకానికి నన్ను పిలిచాడు.

"నీకేం పట్టింది బాబాయ్? మనిషివి నిక్షేపంలా ఉన్నావు. అక్కడ రెండు నెలల్లో మంచం పడతావు. నీకెవరు వేశారీ శిక్ష?"

"శిక్షేమిటే. ఆవిడ అక్కడుంది."

పాప గడియకి వేలాడే బిళ్ళని ఎరుపూ ఆకుపచ్చా, ఎరుపూ ఆకుపచ్చా తిప్పుతూ కేరింతలు కొడుతోంది. విసురుగా దాని చేయి లాగేశాను. ఏడ్చింది. దాన్ని చంకనేసుకునే సంతకం పెట్టాను.

వెనక బ్లాకులో మగవాళ్ళ హాలు ఇటు, ఆడవాళ్ళ హాలు అటు, మధ్య నడవా. రోజూ ఏడింటికి బాబాయి కర్రపట్టుకుని నడవా దాటి ఆవిడ మంచం దాకా వెళతాడు. నేను పోయిన ఆదివారం చూశాను. ఆవిడ కళ్ళు తెరిచే ఉంది. ఇతను దగ్గరికి రాగానే మొహం గోడవైపు తిప్పుకుంది. నర్సు చెప్పింది, మూడు నెలలుగా రోజూ ఇదేనని. ఒక్కమాట కూడా లేదట.

బాబాయి దుప్పటి కేసి చూస్తూ కాసేపు నిలబడ్డాడు. దుప్పటి లేచింది, దిగింది, మళ్ళీ లేచింది. అప్పుడు వెనక్కి వచ్చి నర్సుతో అన్నాడు:

"ఉందమ్మా. చూశాను."