చెట్టు పట్టిన కండ

గొల్లపల్లి దాపున దేవదాస్ గౌడ్ చెట్టెక్కడంలోనూ కోతలు కోయడంలోనూ ఎవరికీ అందని మనిషి. తాడి మీది నుంచి చూస్తే సిరిసిల్లలో బట్ట నేసే సాంచెలు ఆడటం కనిపిస్తుందనేవాడు. "నేనెక్కుతుంటే గద్దలే జరిగి జాగ ఇస్తయి" అనేవాడు. కల్లు తాగేవాళ్లలో సగం మంది నమ్మేవాళ్లు. మిగతా సగం రెండో లొట్టి ఖాళీ అయ్యాక నమ్మేవాళ్లు.

యాభై రెండో ఏట అతనికి గుండె ఆపరేషన్ అయింది. రొమ్ము ఎముకను నిలువునా కోసి, తీగతో బిగించి పంపారు. మూడు నెలలు చేతుల మీద బరువు వేయొద్దన్నారు. కానీ ఆ ఊరి గౌడ సంఘంలో ఏడాదికోసారి చెట్ల పంపకం. ఆ రోజు ఎక్కి గీసినవాడికే వంతు. ఆపరేషనైన నలభయ్యో రోజునే అది వచ్చిపడింది.

"ఒక్క చెట్టే వసంతా, గదీ సగమే" అని భార్యకు చెప్పి దేవదాస్ నడుముకు మోకు కట్టాడు. కింద జనం చూస్తుంటే సగంలో ఆగే మనిషా? కొస దాకా పోయాడు. అక్కడ ఛాతీలో ఏదో పుటుక్కుమంది.

వారానికల్లా కుట్లు విడిపోయి చీము కారింది. కోరుట్ల హమీద్ తన ఆటోలో కరీంనగర్ ఆసుపత్రికి చేర్చాడు.

"ఎముక కుళ్లింది" అంది ప్లాస్టిక్ సర్జన్ సుధ. "కుళ్లినంత తీసేసి, రెండు పక్కల ఛాతీ కండలను మధ్యకు జరిపి గుండె మీద కప్పాలి."

"గా కండలతోనే గద మేడం, చెట్టును పట్టేది!"

"ఇక చెట్టెక్కకూడదు."

"తొడది తీయుండ్రి. పిక్కది తీయుండ్రి. నాకు శాన ఉన్నయి."

డాక్టరమ్మ నవ్వలేదు. "చీము గుండెకు చేరితే మనిషే దక్కడు."

వసంత అప్పటికే కాగితం మీద సంతకం పెడుతోంది.

"ఏందే, నన్నడగవా?"

"ఎక్కేటప్పుడు నన్నడిగినవా?"

గాయం పూడింది. నెలన్నర తర్వాత హమీద్ అతన్ని తాటివనానికి తీసుకొచ్చాడు. దేవదాస్ చెట్టు మీద ఇప్పుడు వరసకు తమ్ముడైన సాయికిరణ్ ఉన్నాడు.

"సాయీ! సిరిసిల్ల కనపడుతుందా?" హమీద్ అరిచాడు.

"ఏం కనపడ్తలేదే! అన్న గిన్నేండ్లు మనల్ని బనాయించిండు!"

దేవదాస్ ఆ మాట వినలేదు. అతని కళ్లు కత్తి మీదున్నాయి. రేకంత పలచగా గీయాల్సిన కల్లు గెలను సాయి లోతుగా చెక్కుతున్నాడు. అట్లా చెక్కితే వారంలో ఎండిపోతుంది. ఆపమని అరవబోయాడు. ఛాతీ పట్టేసి, అరుపు దగ్గుగా మారింది. దగ్గొస్తే అదుముకొమ్మని ఆసుపత్రిలో ఇచ్చిన దిండును రెండు చేతులా, చెట్టును పట్టినట్టే, గట్టిగా కావలించుకున్నాడు.

పైనుంచి గెల ముక్కలు వచ్చి అతని కాళ్ల దగ్గర పడుతున్నాయి, ఒక్కోటి బొటనవేలంత మందాన.