కరెంటు పోయినప్పుడే నీళ్లు

కరెంటు పోతే ఊరంతా తిట్టుకునేది. లేవి మాత్రం చెప్పులేసుకుని ట్యాంకు కాడికి బయల్దేరేవాడు. పత్తికొండ అవతలి ఆ పల్లెలో పంచాయతీ నీళ్లు వదిలేది అతనే. కరెంటున్నంతసేపు బోరు ఆడించి ట్యాంకు నింపుకునేవాడు. వాల్వు తిప్పేది మటుకు కరెంటు పోయినాకే.

పల్లంలోని వాళ్లు కొళాయిలకే మోటర్లు బిగించుకున్నారు. కరెంటుండగా నీళ్లు వదిలితే పైపులో ఉన్నదంతా వాళ్ల తొట్లలోకే పోయేది. మిట్టమీద చర్చి వీధిలో కొళాయి తిప్పితే బుస్సుమని గాలి వచ్చేది. కరెంటు లేకుంటే మోటర్లు మూగపోయేవి. ట్యాంకు ఎత్తు బలానికే నీళ్లు మిట్టదాకా ఎక్కేవి, సన్నగానైనా సరే. ఆ వీధి కొసన లేవి ఇల్లు కూడా ఉండటమే అతని ఖర్మ.

"ఏమప్పా లేవీ, కరెంటుతో నీకేమన్నా పగనా?" అనింది పల్లంలో భీమక్క, వాకిట్లో నిలబడి. "ఉన్నప్పుడు ఇయ్యవు, పోతానే ఉరుకుతావు."

"నీ మోటరు నిద్దరపోతాంటే నీళ్లు అందరికీ పోతాయక్కా."

"పెండ్లాం బిందె నింపేకి ఊరిని ఎండబెడతాండావని చెప్పుకుంటాండారు, చూసుకో."

ఆ మాటే ఫిర్యాదై పంచాయతీకెక్కింది. లేవి మిట్ట వీధిలో ఇల్లిల్లూ తిరిగాడు, నాతో వచ్చి ఒక్క మాట చెప్పండని. వీధికి పెద్ద దాసన్న చర్చి మెట్లమీంచి లేవనైనా లేదు.

"మనం నోరు తెరిస్తే రేపు పల్లంలోళ్లు మనల్ని కూలికి పిలుస్తారాప్పా? అయినా మావోడు మోటరు తెస్తానంటాండాడులే."

పంచాయతీలో లేవి ఒక్కడే నిలబడ్డాడు. వాల్వు తిప్పే కడ్డీ అక్కడే పెట్టి పొమ్మన్నారు. పెట్టి వచ్చాడు.

కొత్తగా పెట్టుకున్న సుంకప్ప కరెంటు రాగానే వాల్వు తిప్పుతాడు. అతన్ని ఎవరూ ఏమీ అనరు. దాసన్న కొడుకు తెచ్చిన మోటరు మిట్టమీద ఉత్తగాలి పీల్చి పీల్చి కాలిపోయింది.

లేవి భార్య విశ్వాసమ్మ రోజూ బిందెలతో పల్లానికి దిగుతుంది. ఆమెకు మోకాళ్లు పట్టేసిన రోజు లేవే దిగాడు.

"రాప్పా, మొగమాటమెందుకు?" అనింది భీమక్క. మనిషి చెడ్డదేం కాదు. తొట్టి నిండగానే గొట్టం ఇటు తిప్పింది. "మోటరు ఆడతానే ఉండాది, కావాల్సినన్ని పట్టుకో."

నీళ్లు జోరుగా పడ్డాయి. మిట్టకెక్కాల్సిన నీళ్లే అవి. ఆ సంగతి అతనికి తెలుసు, ఆమెకూ తెలుసు. లేవి బిందె భుజానికెత్తుకుని, "నీ పుణ్యమక్కా" అన్నాడు.