ఓడ పుస్తకం కుట్టిన పెద్దమ్మ

పోయిన నెల ఒక ఉదయం కాలేజీకి వెళ్తుంటే బస్సులో ఫోన్ మోగింది. గిర్మాజీపేటలో మేం అద్దెకున్నప్పటి పక్కింటి పెద్దమ్మ కూతురు. "అక్కా, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగి పండుకున్నది, ఇగ లేవలే" అంది. తర్వాతి స్టాపులో దిగి, ఎదురుగా వచ్చిన బస్సెక్కి వెనక్కి తిరిగాను.

పెద్దమ్మ పుస్తకాలకు బైండింగ్ చేసేది. ఇంటి ముందుగదే దుకాణం. బోర్డు మీద భర్త పేరు ఉండేది. ఆయన ఉన్నన్నాళ్లూ ఆమె పని అంటించడానికి లై ఉడికించడం, కాగితాలు మడవడం వరకే. ఆయన పోయాక మడిచిన కాగితాల ఫారాలు రెండు కుట్టకుండా అట్లాగే మిగిలి ఉంటే, వాటిని ముగిద్దామని సూది పట్టుకుందట. మళ్లీ దించలేదు. పిల్లల రికార్డులు, వకీళ్ల కాగితాల కట్టలు, భజన పుస్తకాలు, పరిశోధన చేసేవాళ్ల లావుపాటి థీసిస్‌లు, అన్నీ ఆ గదికే వచ్చేవి. మైదా లైలో చిటికెడు మైలుతుత్తం కలిపేది, పురుగు పట్టకుండా. ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు వాసన చూసేది. తెలుగు కూడబలుక్కుని చదివేది, ఇంగ్లీషు అక్షరం రాదు. పని గురించి ఆమె తరచూ అనే మాట ఒకటుంది: "పుస్తకం తెరిస్తే సాపుగ పండాలె. మనం చెయ్యితోటి ఒత్తి పట్టుకునుడు గావద్దు."

నేనప్పుడు ఒక ప్రైవేటు కాలేజీలో కాంట్రాక్టు మీద ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఒక వానాకాలం కాలేజీ స్టోరుగదిలోకి నీళ్లొచ్చి, అట్టపెట్టెల్లోని పాత పుస్తకాలన్నీ తడిసిపోయాయి. పారేయడానికి కుప్ప పోస్తుంటే, అందులో ఇటుకంత లావు పుస్తకం ఒకటి కనబడింది. తోలు వెన్ను, అట్ట మీద మాసిపోయిన బంగారు రంగులో తెరచాపల ఓడ. నూరేళ్లు ఎప్పుడో దాటిన పుస్తకం. ఒక కెప్టెన్ ఉత్తర ధ్రువపు సముద్రంలోకి ఓడ నడుపుకుపోయి, తిరిగొచ్చి రాసుకున్నది. అది మా ఊరిదాకా ఎట్లా వచ్చిందో ఎవరికీ తెలియదు. బాగుచేయిస్తానంటే ప్రిన్సిపాల్ గారు సరేనన్నారు. ఆ సాయంత్రమే ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెద్దమ్మ ముందు పెట్టాను.

ఆమె వాసన చూసింది. బొటనవేలితో అట్టను నొక్కింది.

"బతుకుతదా పెద్దమ్మా?"

"బతుకుతది. జర టైం వడ్తది. ఎండల మాత్రం పెట్టద్దు. ఎండల పెడితే అప్పడమైతది."

మర్నాడు పాత దారాలు కోసి పుస్తకాన్ని విడదీసింది. ఆకుకూ ఆకుకూ మధ్య న్యూస్‌పేపర్ పెట్టి, పొద్దునా సాయంత్రం మార్చేది. రెండు వారాల పాటు మా గల్లీలో అందరి పాత పేపర్లూ ఆ ఇంటికే చేరాయి. సన్నటి గీతలతో చెక్కి అచ్చువేసిన ఓడల బొమ్మలనూ, మడతలు పెట్టిన పెద్ద మ్యాపునూ వేరుగా చెక్కల కింద ఒత్తి ఉంచింది. ఆకులు ఆరాక అసలు చిక్కు తెలిసింది. చాలా వాటికి పై అంచు కుళ్లిపోయి పేజీ నంబర్లు పోయాయి. చదివితే తప్ప వరస దొరకదు.

అట్లా మా ఆదివారం మధ్యాహ్నాలు మొదలయ్యాయి. నేను ఒక్కో ఆకు చదివి, ఏం జరిగిందో తెలుగులో చెప్పేదాన్ని. ఆమె ముందు వెనకలు చూసి పేర్చేది. మొదట్లో వరస కోసమే విన్నది. నాలుగో ఆదివారానికి, నేను చెప్పులు విడవకముందే అడిగింది: "ఓడ మంచుల ఇరుక్కున్నది గదా. ఇడిసిందా?"

"లేదు పెద్దమ్మా. ఇంకా బిగిసింది."

"అంత మంచు ఉన్నది, నీళ్లకైతే ఫికర్ లేదు."

"ఆ మంచు కరగాలంటే పొయ్యి మండాలి కదా. బొగ్గు అయిపోతోంది."

ఆమె చేతిలో పని ఆగిపోయింది. ఆ రోజు ఆమెకు పట్టుకున్న దిగులు ఓడ గురించి కాదు, పొయ్యి గురించి. ఇరవై మందికి పైగా మనుషులు, ఒకే పొయ్యి, వండే మనిషి ఒక్కడు. నావికులకు చిగుళ్లు ఉబ్బి పళ్లు కదిలిపోతున్నాయని చదివితే, "ఓ జాడీ నిమ్మకాయ తొక్కు తీస్కపోతే సరిపోతుండె" అంది. ఆ జబ్బుకు మందు నిమ్మపండేనని నేను చెప్పాక కూడా ఆమె గర్వపడలేదు. "మరి ఇంట్ల ఆడోళ్లు చెప్పలేదా పాపం" అని బాధపడింది. బొగ్గు పూర్తిగా అయిపోయిన రోజు వంటవాడు కెప్టెన్ కుర్చీనే విరగ్గొట్టి పొయ్యిలో పెట్టి నీళ్లు కాచాడని చదివినప్పుడు, చాలాసేపు నవ్వింది. తర్వాత అడిగింది.

"ఆయన పేరేంది?"

వెనక్కీ ముందుకీ వెతికాను. కెప్టెన్ అందరి పేర్లూ రాశాడు, చనిపోయిన కుక్కల పేర్లు కూడా రాశాడు. వంటవాణ్ని మాత్రం ప్రతిచోటా వంటవాడనే రాశాడు. ఆ మాటే పెద్దమ్మకు చెప్పాను. తర్వాత ఎన్ని ఆకులు చదివినా, "దొరికిందా?" అని అడిగేది. దొరకలేదు.

ఆకుల వరస పూర్తయ్యే సమయానికి కాలేజీకి హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చాడు. పాత బొమ్మలు ఫ్రేములు కట్టి హోటళ్లకు అమ్ముతాడట. పుస్తకం సంగతి ఎట్లా తెలిసిందో మరి, మ్యాపూ బొమ్మలూ ఇస్తే చాలు, కాలేజీకి కొత్త బెంచీలు చేయిస్తానన్నాడు. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "పుస్తకం ఎట్లాగూ పాడైపోయింది కదా మేడం. బొమ్మలు విడిగానే ఉన్నాయంట. బుధవారం తెచ్చేయండి" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. మా క్లాసుల్లో బెంచీలు నిజంగానే విరిగిపోయి ఉన్నాయి. నా కాంట్రాక్టు కూడా ఆ నెలలోనే ముగుస్తోంది.

పెద్దమ్మకు చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాను. "ఇచ్చేద్దాం" అన్నాను.

"ఇయ్యకపోతే నీ నౌకరికి ఏమన్న అయితదా?"

"ఏమో పెద్దమ్మా."

"గట్లనా" అంది, అంతే.

బుధవారం పొద్దున బొమ్మల కోసం వెళ్తే, పుస్తకం చెక్కల మధ్య బిగించి ఉంది. సోమవారం, మంగళవారం వేరే పని ముట్టుకోలేదట. ప్రతి బొమ్మనూ దాని కథ వచ్చే చోట చేర్చి, సన్నటి గుడ్డపట్టీ అంటించి, ఫారాలతో కలిపి కుట్టేసింది. మ్యాపు చివర్లో మడతపడి కూర్చుంది. "ఇప్పుడెట్లా పెద్దమ్మా?" అన్నాను. "నువ్వు రాకు. నేనే పోత. కుట్టింది నేను గదా" అని పుస్తకాన్ని పాత చీరముక్కలో చుట్టుకుని బయల్దేరింది. అయినా నేనూ వెంటే వెళ్లి అదే బస్సెక్కాను. ప్రిన్సిపాల్ గది దగ్గరికి వచ్చాం. ఆమె వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లింది. నేను వరండాలోనే నిలబడిపోయాను.

తలుపు తెరిచే ఉంది. అన్నీ వినబడ్డాయి.

"సారూ, కుట్టిన. ఇప్పుడు బొమ్మలు తియ్యాలంటే కోసుడే. మీరు కొయ్యుమంటే కోస్త, మీ పుస్తకం. గని ఒక్కసారి ఇనున్రి."

"ఏం వినాలమ్మా?"

"దీంట్ల ఏమున్నదో. మా బిడ్డ సదివి చెప్పింది."

ఆయన కూర్చోమన్నట్టున్నారు, కుర్చీ చప్పుడైంది. ఆమె వంటవాడి దగ్గర మొదలుపెట్టింది. కెప్టెన్ కుర్చీ పొయ్యిలో కాలడం చెప్పింది. "గిదే ఆ పొయ్యి, సూడున్రి" అంటూ ఒక బొమ్మ తిప్పిన చప్పుడు. మంచు ఓడను పక్కల నుంచి నొక్కుతుంటే చెక్కలు మనిషిలెక్క మూలిగాయని చెప్పింది. చివరికి ఓడ నలిగిపోతే, చిన్న పడవలను తాళ్లు కట్టి మంచు మీద లాక్కుంటూ నడిచారని, నడవలేని వాళ్లను పడవల్లో కూర్చోబెట్టి లాగారని చెప్పింది. "గీ మ్యాపుల సన్నగ సుక్కలు ఉన్నయి సూడున్రి, అది ఆళ్లు నడిసిన తొవ్వ. ఇది తీస్తే ఆళ్లు ఇంటికి అచ్చినట్టు ఎట్ల తెలుస్తది సారూ?"

మ్యాపును దగ్గరికి లాక్కున్న చప్పుడైంది. తర్వాత ప్రిన్సిపాల్ గారి గొంతు, చిన్నగా: "అందరూ వచ్చిండ్రా?"

"ఇద్దరు రాలే. పేర్లు ఉన్నయి."

ఆ రోజు ఆ హైదరాబాద్ ఆయన చాయ్ తాగి వెళ్లిపోయాడు. పుస్తకం లైబ్రరీ అద్దాల బీరువాలోకి చేరింది. బెంచీలు ఆ ఏడు రాలేదు. నా కాంట్రాక్టు పొడిగించారు. ప్రిన్సిపాల్ గారు ఆ తర్వాత ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు కానీ, ఖాళీగా ఉన్నప్పుడు ఆ పుస్తకం తెప్పించుకుని చూస్తుండేవారని అటెండర్ చెప్పాడు.

వరండాలో నిలబడ్డ ఆ పది నిమిషాలు మాత్రం నన్ను వదల్లేదు. మేం హనుమకొండకు మారాక కూడా ఆమె దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆ మాట నోటిదాకా వచ్చి ఆగేది. రెండు నెలల కింద దమ్ముతో ఊపిరాడక ఆమెను దవాఖానలో చేర్చినప్పుడు చెప్పేశాను. "నేను లోపలికి రావాల్సింది పెద్దమ్మా. భయపడ్డాను."

ఆమె ముక్కు మీది గొట్టం సర్దుకుని, గాలి కూడగట్టుకుని మాట్లాడింది. "ఇద్దరం పోయి ఇద్దరం తిట్లు తినుడెందుకు బిడ్డా. నువ్వు సదవకపోతే నేనేం చెప్తుంటి? ఆడ మాట్లాడింది నేనైతే, ఆ మాట నీదేనాయె." తర్వాత నా చీర అంచు పట్టుకుని, ఫాల్ ఊడిపోయిందని, ఇంటికి పోగానే కుట్టుకోమని చెప్పింది.

పదకొండో రోజు కార్యమయ్యాక, బైండింగ్‌కు పుస్తకాలు ఇచ్చినవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. కూతురు చీటీల మీద పేర్లు చూసి ఎవరివి వాళ్లకు అందిస్తోంది. ఒక ఆటో అతను వచ్చి, వాళ్లమ్మ చేత్తో రాసుకున్న పాటల నోటుబుక్కు తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూసి, కూతురికి దండం పెట్టి వెళ్లాడు. వెళ్లినవాడు ఆటో స్టార్ట్ చేయలేదు. సీట్లో కూర్చుని మొదటి పేజీ తీశాడు. కాసేపటికి పెదవులు కదిలాయి, తర్వాత సన్నగా పాట వినబడింది. వెనక సీట్లో కిరాయికి ఎక్కిన ఒక ముసలామె కూరగాయల సంచితో కూర్చుని ఉంది. ఆమె పోదామని అనలేదు. సంచి ఒళ్లోకి తీసుకుని, ముందుకు వంగి వింటోంది.