కసిల్దా వంతెన దాటని వారాలు

ఒరిసాబా ఊరి బజారు పక్కన, ఎడతెగని తుంపర లోపలికి రాని కమానుల కింద, హెర్లిందా బల్ల ఉండేది. బల్ల అంటే నూలుమిల్లులో పాత మగ్గాన్ని విప్పినప్పుడు మిగిలిన పొడవాటి దూలం. దాని కింద ఆసరాగా నాలుగు రాళ్లు. వెనుక గోడకు అడ్డంగా తాళ్లు కట్టి, వాటికి బట్టల క్లిప్పులతో బొమ్మల కథల పుస్తకాలను ఆమె వేలాడదీసేది. చిన్న నాణెమొకటి చేతిలో పెట్టి, నచ్చిన పుస్తకం తీసుకొని, ఆ దూలం మీద కూర్చొని చదివి, తిరిగి అదే క్లిప్పుకు తగిలించి వెళ్లాలి. కొనదలచినవారికి కొత్త ప్రతులు పక్కనే దొంతరగా ఉండేవి గాని, బల్ల ఉండగా కొనవలసిన అవసరం ఆ పేటలో ఎవరికీ కనిపించలేదు.

గురువారం సంగతి వేరు. ఆనాడు రాజధాని నుంచి వచ్చే రైలులో ‘కసిల్దా’ అనే బొమ్మల కథ కొత్త సంచిక దిగేది. ఆ కథలోని కసిల్దా వెనకటి కాలపు మనిషి. కంచరగాడిదల మీద ఉత్తరాల మూటలు వేసుకొని దొంగలున్న కొండదారుల్లో ఒంటరిగా తిరిగే ఆడది. ఆమె కోసం మిల్లులో మొదటి పాళీ దిగినవారు చేతులైనా కడుక్కోకుండా పరుగెత్తుకొని వచ్చేవారు. ఒక్కొక్కరూ సంచిక మొత్తం చదివేదాకా ఆగితే చీకటి పడుతుంది కనుక, హెర్లిందా కత్తెరతో ఒక ప్రతి వెన్ను కోసి, పుటలను విడదీసి, మొదటి పుటను ఎడమ కొసన కూర్చున్నవారికి ఇచ్చేది. చదివినవారు దానిని కుడివైపుకు అందించి రెండో పుట అందుకోవాలి. అలా కథ బల్ల పొడుగునా నడిచి వెళ్లేది.

ఈ నడకకు రెండు కట్టుబాట్లు ఉండేవి. ముందు చదివినవారు నోరు మెదపకూడదు, నిట్టూర్చకూడదు, గుడ్లు పెద్దవి చేయకూడదు. ఒకసారి తపాలా బంట్రోతు ‘అయ్యో తల్లీ’ అన్న పాపానికి చాలాకాలం కుడి కొసనే కూర్చోవలసి వచ్చింది. రెండోది, వేళ్లు తుడుచుకోనిదే కాగితం ముట్టకూడదు. అందుకోసం మేకుకు తడిగుడ్డ వేలాడేది.

రెండో కట్టుబాటు వల్ల ఎక్కువగా బాధపడినది చోనా. ఆమె బల్లకు ఎదురుగా పెనం పెట్టుకొని, కొవ్వులో చిన్న మొక్కజొన్న రొట్టెలు వేయించి, వాటి మీద మాంసమూ కారమూ పరిచి అమ్మేది. చోనా పెద్ద కూతురికి జ్ఞానస్నానం నాడు జ్ఞానతల్లిగా నిలిచినది హెర్లిందాయే కనుక, ఇద్దరూ ఒకరినొకరు ‘కొమాద్రే’ అని పిలుచుకొనేవారు. చోనాకు చదువు రాదు. పుటలన్నీ తిరిగివచ్చి, బల్ల ఖాళీ అయిన తరువాత, హెర్లిందా వాటిని దూరంగా పట్టుకొని ఆమెకు చదివి వినిపించేది. దూరంగా ఎందుకంటే, చోనా వేళ్లను ఏ తడిగుడ్డా శుభ్రం చేయలేదు.

హెర్లిందా కూడా చిన్ననాట చదువు లేని పిల్లే. పదిహేనేళ్లకు మిల్లులో చేరింది. ఎడమచేతి రెండు వేళ్లు యంత్రానికి ఇచ్చి బయటికి వచ్చింది. ఆ గాయం మానుతున్న రోజుల్లో, పక్కింటివారు పారవేసిన బొమ్మల పుస్తకాలలో మనుషుల నోటి దగ్గర గీసిన బుడగలను చూసి, కోపంగా ఉన్న ముఖం ఏమంటుందో ఊహించి, ఆ ఊహతో అక్షరాలను పోల్చుకొని, తనకు తానే చదువు నేర్చుకొంది. పరిహారం కింద మిల్లువారు ఏదో విదిలించబోతే, దానితో పాటు మూలపడి ఉన్న ఆ దూలాన్ని కూడా అడిగి తెచ్చుకొంది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, “గురువారాలు తీరికుండదు” అనేది.

అటువంటి గురువారాలలో ఒకనాడు, తాడు వంతెనను ఎవరో సగం నరికివేయగా, కసిల్దా ఒక చేత్తో తాడునూ మరో చేత్తో కంచరగాడిద కళ్లాన్నీ పట్టుకొని నది మీద వేలాడుతుండగా, ఒడ్డున నిలిచిన ముసుగు మనిషి తన ముసుగు మీదికి చెయ్యెత్తుతుండగా, సంచిక ముగిసింది. తరువాతి గురువారం రైలు వచ్చింది.

“వచ్చిందా, దోన్యా హెర్లిందా?”

“రైలొచ్చింది. అందులో కసిల్దా రాలేదు.”

“పోనీలెండి. గాడిద మీద వస్తోందేమో!”

ఆ వారం అందరూ నవ్వారు. పై వారం కొందరు నవ్వారు. ఆ పైన నవ్వులు పోయి వదంతులు మొదలయ్యాయి. అచ్చు యంత్రం కాలిపోయిందని ఒకరు, బొమ్మలు వేసేవాడు చచ్చిపోయాడని ఒకరు, చావలేదు, లేచిపోయాడని ఇంకొకరు. అందరికంటె పెద్ద గొంతు సెవెరోది. అతడు నేతపనివాడు, ముసుగు వెనుక ఉన్నది కసిల్దా తమ్ముడేనని పందెం కాసి, ఆ పందెం తేలక ఉడికిపోతున్నాడు.

“ఆడమనిషిని గాల్లో వేలాడదీసి, వాడెక్కడ తాగి పడున్నాడో! దొరికితే కాళ్లూ చేతులూ విరగ్గొడతాను.”

“చేతులు విరగ్గొడితే బొమ్మలెవడేస్తాడు నాయనా?” అంది చోనా, పెనం మీది రొట్టె తిప్పుతూ. “కాళ్లు విరగ్గొట్టు చాలు. కదలకుండా కూర్చుని గీస్తాడు.”

ఎదురుచూపు మరీ పొడుగైతే కోపానికి ఒక ముఖం కావాలి. రాజధానిలోని ముఖాలు ఎవరికీ తెలియవు. తెలిసిన ముఖం హెర్లిందాది. ఒక సాయంత్రం సెవెరో బల్ల ముందు నిలబడి, టోపీ తీయకుండానే అన్నాడు.

“సంచికలు వస్తున్నాయంట. డాక్టరుగారి ఇంటికి మీరే చాటుగా పంపిస్తున్నారంట.”

“ఎవరన్నారు?”

“అందరూ అంటున్నారు.”

“అందరికీ ఓ పేరుంటుంది సెవెరో. ఆ పేరు చెప్పు.”

సెవెరో ముఖం పక్కకు తిప్పుకొన్నాడు. కాని బల్ల మీద కూర్చున్న వారిలో ఒక్కరైనా ‘ఛీ, అదేం మాట’ అనలేదు. హెర్లిందాకు గుచ్చుకొన్నది ఆ మౌనమే. మరునాడు ఆమె పుస్తకాలకు గుడ్డ కప్పి, పనిరోజున బల్ల మూసి, రైలుస్టేషను వెనుకనున్న పత్రికల గిడ్డంగికి వెళ్లింది.

గిడ్డంగి అధికారి బెర్మేహో లావుపాటి మనిషి. దగ్గుబిళ్ల చప్పరించనిదే మాట్లాడలేడు. కసిల్దా ఏమైందని ఆమె అడిగితే ఆశ్చర్యపోయాడు.

“అదేంటి సెన్యోరా, మీరే కదా తిప్పి పంపారు!”

“నేనా?”

అతడు ఆమెను లోపలికి తీసుకొని వెళ్లి, గోడ పొడుగునా పేర్చిన కట్టలను చూపించాడు. అమ్ముడుపోక వెనక్కు వచ్చిన పత్రికలు. ఒక వరుసలో అన్నీ కసిల్దా సంచికలే. నలగలేదు, మడత పడలేదు. కొన్ని కట్టలకు ఒక వింత ముడి ఉంది. రెండు వేళ్లు లేని చెయ్యి, పంటితో దారం బిగించి వేసే ముడి అది. ఊరంతా వెతికినా మరొకరు వేయలేరు.

“ఈ ముడి మీదే కదా?”

ఆమె తల ఊపింది. ప్రతి వారమూ బల్లకొక ప్రతిని ఉంచుకొని, మిగిలినవాటిని మచ్చ పడకుండా, అంచులు సరిచేసి, కట్టి పంపేది. అంత పొందికగా తిప్పి పంపేవారు మరొకరు లేరని ఈ బెర్మేహోయే ఎన్నోసార్లు మెచ్చుకొన్నాడు.

“మీరొక్కరే కాదులెండి. ప్రతి ఊళ్లోనూ ఓ బల్ల ఉంది. రాజధానిలో కూర్చున్నవాళ్లకు కనబడేది ఈ కట్టలే. దీన్ని చదివేవాళ్లే లేరనుకుంటున్నారు. మిగతా పత్రికలకు పోగా కాగితం ఉంటేనే అచ్చేస్తున్నారు.”

“చదివేవాళ్లు లేరా? గురువారం నా బల్ల మీద కాలు పెట్టే చోటుండదు!”

“బల్ల మీద కూర్చున్నవాళ్లని ఎవరు లెక్కేస్తారు సెన్యోరా? కొన్నవాళ్లనే కదా.” దగ్గుబిళ్లను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చాడు. “ఈ గురువారం ఒక సంచిక వస్తుంది. అది కూడా ఇలాగే తిరిగొచ్చిందనుకోండి, ఇక రాదు. అక్కడితో ఆపేస్తారు.”

“అక్కడితో అంటే? వంతెన మీదేనా?”

“వంతెన మీదే.”

తిరుగుదారిలో తుంపర పడుతూనే ఉంది. ఆమె భుజాల మీది రెబోసో శాలువను తల మీదికి లాక్కోలేదు. ఇన్నేళ్లుగా తాను కసిల్దాను పేటకంతటికీ పంచి పెడుతున్నానని అనుకొంది; పంచుతూ పంచుతూ ఆ తాడును తన చేతితోనే, ఆ ముడితోనే, వారానికొక పోగు చొప్పున తెంపుతూ వచ్చిందన్నమాట. నిజం చెబితే జనం కొనుక్కొంటారు. కొనుక్కొన్నవారు ఇంటికి పోయి చదువుకొంటారు. అప్పుడు ఈ బల్ల దేనికి? చెప్పకపోతే బల్ల నిలుస్తుంది, కసిల్దా పడిపోతుంది.

చోనా అంతా విని, పెనం దించి పక్కన పెట్టింది. ఆమె పెనం దించడం అరుదు.

“కొమాద్రే, నా మాట విను. నోరు మూసుకో. కసిల్దా పోతే ఇంకో పుస్తకం చదువుతారు. బల్ల పోతే నువ్వేం చేస్తావు? నా పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగుతావా?”

“నువ్వు కసిల్దా లేకుండా ఉండగలవా?”

చోనా కొంగుతో చేతులు తుడుచుకొంది. తరువాత, “నా సంగతెందుకు, నేను బొమ్మలు చూసేదాన్ని” అని పెనం మళ్లీ పొయ్యి మీద పెట్టింది.

గురువారం రైలుకూత వినిపించేసరికే బల్ల నిండిపోయింది. ఎడమ కొసన సెవెరో, తడిగుడ్డతో వేళ్లు శుభ్రంగా తుడుచుకొని, పసిబిడ్డను అందుకొనేవాడిలా చేతులు చాపి కూర్చున్నాడు. హెర్లిందా కట్ట విప్పింది. కత్తెర చేతిలోకి తీసుకొంది. కొంచెంసేపు అలాగే నిలబడి, దానిని తిరిగి మేకుకు తగిలించింది.

“ఇవాళ కొయ్యను” అంది.

గిడ్డంగిలో చూసినదంతా చెప్పింది. తన ముడి సంగతి కూడా దాచలేదు. మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైన తరువాత ఎవరికీ నచ్చలేదు.

“అంటే తప్పు మాదంటారా?” సెవెరో లేచాడు. “ఊరికే చదివామా? ప్రతిసారీ డబ్బిచ్చాంగా!”

“ఇచ్చారు. నాకిచ్చారు. కసిల్దాకి ఇవ్వలేదు.”

“మరి మేమంతా కొనుక్కుపోతే మీ గతేంటి?”

“అది నేను చూసుకుంటాను. ముందు ఆవిడ్ని ఒడ్డుకు చేరనీ.”

తపాలా బంట్రోతు గొణుగుతూ వెళ్లిపోయాడు. ఇంకా ఇద్దరు ముగ్గురు అతని వెనుకే వెళ్లారు. మిగిలినవారు నేల చూపులు చూస్తూ, జేబులు తడుముకొంటూ నిలబడ్డారు. చివరకు ఒక బావా బావమరిదీ చెరిసగం వేసుకొని ఒక ప్రతి కొన్నారు. ఆ తరువాత దొంతర కరిగిపోవడానికి ఎంతోసేపు పట్టలేదు. సెవెరో అందరికంటె చివర కొన్నాడు, చేదుమందు కొనేవాడి ముఖంతో. డబ్బు ఆమె చేతిలో పెడుతూ, ఈసారి టోపీ తీశాడు.

“డాక్టరుగారి సంగతి... నేనలా అనకుండా ఉండాల్సింది.”

“వెళ్లి చదువుకో” అంది.

కొన్నవాడు కట్టుబాటుకు లొంగడు. కమానులు దాటీ దాటకముందే అందరూ నేరుగా చివరి పుట తెరిచారు. బజారు మధ్య నుంచి సెవెరో గావుకేక వినిపించింది: “తమ్ముడు కాదు! తండ్రి! చచ్చిపోయిన తండ్రి!” ఎవరో పగలబడి నవ్వారు, ఎవరో పందెం డబ్బు అడిగారు. ఇన్నేళ్లలో మొదటిసారిగా హెర్లిందా కథను చదవకముందే దాని రహస్యాన్ని వీధిలో విన్నది. ఆమె ఖాళీ దూలం మీద, ఎడమ కొసన, కూర్చొంది. అక్కడ ఆమె ఎన్నడూ కూర్చోలేదు. కుడివైపుకు చూసింది, అందించడానికి ఎవరూ లేరు.

తలెత్తేసరికి ఎదురుగా చోనా. రెండు చెవుల్లోనూ మొక్కజొన్న పిండిముద్దలు కూరుకొని ఉన్నాయి.

“ఏమిటే ఆ అవతారం?”

“ఆ?” చోనా ఒక ముద్ద పీకింది. “వెధవలు వీధిలో అరుస్తున్నారు. ముసుగు వెనక ఎవరో నాకు తెలియకూడదు. చెప్పావంటే ఊరుకోను.” కొంగు ముడి విప్పి, నాణేలు తీసి బల్ల మీద పెట్టింది. “నాకొకటివ్వు.”

“నీకెందుకే? నేను చదివి వినిపిస్తాగా.”

“వినిపించు. నా పుస్తకంలోంచి వినిపించు. రాజధానిలో వాళ్లు నన్ను లెక్కేయాలా, వద్దా?”

హెర్లిందా బల్ల కోసం ఉంచుకొన్న చివరి ప్రతిని ఆమెకిచ్చింది. చోనా పక్కనే కూర్చొని, దానిని ఒళ్లో పెట్టుకొని, మొదటి పుట తెరిచింది. వంతెన, నది, వేలాడే గాడిద. ఆమె బొటనవేలు నది మీద ఆనింది. జిడ్డుమరక అందులో గుండ్రంగా విచ్చుకొంది. మేకుకున్న తడిగుడ్డ వైపు హెర్లిందా చెయ్యి అలవాటుగా లేచింది. సగంలో ఆగి, కిందికి దిగింది. బొమ్మలోని బుడగ మీదికి వంగి, ఆమె చదవడం మొదలుపెట్టింది. పుట చివరికి వచ్చి, అంచు పట్టుకోబోయింది.

“ఆగవే” అంది చోనా. “ఇంకా చూస్తున్నాను. తిప్పేటప్పుడు నేను తిప్పుతాలే.”