ఊక బూడిదకో ఫొటో

మా ఆయన ఆఫీసు నుంచి వస్తూనే, ఇంకా చెప్పులైనా విప్పకుండా అడిగే మాట ఒకటే. "వచ్చిందా?"

రాలేదని చెప్పడానికి కూడా ఓపిక లేని రోజులవి. నా పరిశోధనంతా ఊక బూడిదలోని ఒకే ఒక్క రేణువు మీద. మండపేట రైసుమిల్లు నుంచి నేనే తెచ్చుకున్న బూడిద. ఆ రేణువు లోపల రంధ్రాలు ఎలా ఉన్నాయో చూడాలి. దూరదేశంలోని ఒక ఎక్స్‌రే కేంద్రానికి పట్టుకెళ్ళాను. అలలన్నీ ఒకే అడుగులో నడిచే ఎక్స్‌రే కాంతిని దాని మీదికి పంపితే, తెర మీద పడేది బొమ్మ కాదు, చెదిరిన చుక్కలు. ఏ చుక్క ఎంత వెలుగో తెలుస్తుంది. ఏ అల ముందు, ఏది వెనక అన్నది మాత్రం తెలియదు. ఇంటికొచ్చాక, ఆ తెలియనిదాన్ని కంప్యూటరు ఊహిస్తూ, దిద్దుకుంటూ బొమ్మ కట్టాలి. రేణువు ఎంతమేర ఉంటుందో హద్దు మనమే గీసి ఇవ్వాలి.

ఆ కాంతికి రేణువు కాస్తా పాడైపోయింది. మళ్ళీ తీసే వీలు లేదు. నా ఫెలోషిప్పు ఆ నెలతో ఆఖరు.

"బూడిదకి ఫొటో ఏంటమ్మా, దానికేమన్నా సంబంధాలు చూస్తున్నావా?" అని మా అత్తగారు వంటింట్లోంచి ఆటపట్టించేవారు. నవ్వడానికి కూడా విసుగ్గా ఉండేది.

ఒక సాయంత్రం హద్దు ఇంకాస్త బిగించి ప్రోగ్రాము నడిపాను. బొమ్మ వచ్చింది! వరసగా, తేనెపట్టులా రంధ్రాలు. థీసిస్ సినాప్సిస్‌లో నేను ముందే ఊహించి రాసినట్టే ఉన్నాయి. "ఏమండీ!" అని అరిచాను. ఆయన పరుగున వచ్చి స్క్రీన్‌ని ఫోనులో ఫొటో తీసి, ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశారు. పిన్నులూ బాబాయిలూ కంగ్రాట్స్ మీద కంగ్రాట్స్. అత్తగారు బూరెలు వండారు.

బొమ్మ పంపితే, మా గైడుగారి దగ్గర్నుంచి మాత్రం ఒక్క లైను జవాబు. "హద్దు వదులు చేసి, వేరే ఊహతో మొదలుపెట్టినా ఇదే వస్తోందా?"

ఆ మాట నాకు తెలియనిది కాదు. మర్నాడు పొద్దున్నే అలాగే చేసి చూశాను. ప్రతిసారీ వేరే బొమ్మ. ఒకదాంట్లో అసలు రంధ్రాలే లేవు. నేను గీసిన హద్దు నేను కోరుకున్న ఆకారానిది. కంప్యూటరు పాపం, అందులో ఇమిడేదేదో ఇచ్చింది. ఇక థీసిస్‌లో ఆ అధ్యాయం లేనట్టే. లేచి వంటింట్లోకి వెళ్ళాను.

అత్తగారు పక్కింటికి పంపడానికి మిగిలిన బూరెలు గిన్నెలో సర్దుతున్నారు.

"అత్తయ్యగారూ, పంపకండి. నిన్నటి ఫొటో నిజం కాదండి."

ఆవిడ చెయ్యి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఫోనులో ఆ ఫొటో తెరిచి చాలాసేపు చూశారు.

"ఇంత చక్కగా ఉంది కదమ్మా, నిజం కాకపోవడమేంటి?"

"చక్కగా ఉందనే నమ్మేశానండి" అన్నాను.