జింకల కోసం వేసిన చేను

మేముండే ట్రాయ్ ఊరి నుంచి ఉత్తరంగా మూడు గంటలు కారులో వెళితే, వేట కోసం కొన్న మా అడవి నేల వస్తుంది. వేట మా ఆయన సరదా. ఆఫీసులో ఒక అమెరికన్ స్నేహితుడు నేర్పాడు. నాకు తుపాకీ చప్పుడే పడదు. కానీ చెట్ల మధ్య ఖాళీగా పడి ఉన్న ఆ చిన్న జాగాను చూశాక ఊరుకోలేకపోయాను. పెళ్ళికి ముందు మా నాన్నతో పాటు పొలంలో విత్తనాలు చల్లినదాన్ని. ఈ దేశం వచ్చాక పెరట్లో నాలుగు టమాటా మొక్కలు తప్ప ఏమీ పెంచలేదు.

ఇక్కడి వేటగాళ్ళు జింకల కోసమే చేను వేస్తారు. అవి మేతకు వస్తే మాటు వేసి కొడతారు. మేము క్లోవర్ గడ్డి, ముల్లంగి చల్లాం. కొట్టే సంగతి తలుచుకోకుండా నేను కలుపు తీశాను. సెప్టెంబరు సాయంత్రాల్లో తల్లులూ పిల్లలూ వచ్చి మేస్తుంటే కారు అద్దం దించి చూస్తూ కూర్చునేదాన్ని. ఆ నెలంతా మనసు ఎంతో హాయిగా ఉండేది.

వేట సీజన్ మొదలయ్యేసరికి అవి రావడం మానేశాయి. కంచె అవతలి ముసలాయన మొక్కజొన్నలు, చక్కెర దుంపలు కుప్పలుగా పోస్తున్నాడు. అలా పోయడం మా ప్రాంతంలో నిషేధం. జింకలకు ఒక మెదడు జబ్బు వస్తోందనీ, అన్నీ ఒకే కుప్పలో మూతులు పెడితే చొంగ వల్ల అంటుకుంటుందనీ ప్రభుత్వం ఆపేసింది.

"అందరూ పోస్తున్నారు. మనమూ ఒక బ్యాగ్ పోద్దాం. నీ ముల్లంగి ఎవడిక్కావాలి?" అన్నారు మా ఆయన.

"మీరు పోస్తే నేనిక ఇక్కడ అడుగు పెట్టను."

ఆయన పోయలేదు. ఆ ఏడు ఒక్క జింక దొరికింది. మిరియాలు దంచి వేపుడు చేస్తే మా పాప మళ్ళీ మళ్ళీ అడిగి పెట్టించుకుంది.

మరుసటి ఏడూ విత్తనాలు చల్లాం. అక్టోబరులో ఒక ఆడ జింక పట్టపగలు మా చేని మధ్య నిలబడి ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. తల వేలాడేసింది. నోటి నుంచి చొంగ ముల్లంగి ఆకుల మీదికి సన్నటి తీగలా కారుతోంది. మేము చేతికి అందేంత దగ్గరికి వెళ్ళినా కదల్లేదు. మమ్మల్ని చూస్తున్నట్టే ఉంది గానీ ఆ చూపులో బెదురు లేదు. నేను ఏడ్చేశాను.

ఫోన్ చేస్తే వన్యప్రాణి శాఖ నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. దాన్ని కాల్చి, తల టెస్ట్‌కి తీసుకెళ్ళింది. ఆ జబ్బేనని తేలాక చెప్పడానికి మళ్ళీ వచ్చింది.

"పోయిన ఏడాది ఇక్కడి జింకను మేము తిన్నాం. టెస్ట్ చేయించలేదు," అన్నారు మా ఆయన.

"మనుషులకు వచ్చినట్టు ఇంతవరకు తేలలేదు," అందామె.

ఆ 'ఇంతవరకు' నా లోపల అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ పాప హోంవర్క్‌లో ఏదైనా మర్చిపోతే నాకు ఆ జింక చూపే గుర్తొస్తుంది.

"మా చేనులో అంటుకుందా, పక్కాయన పోసిన కుప్పలోనా?" అని అడిగాను.

"చెప్పలేం. కుప్పకంటే చేను నయం. కానీ ఇప్పుడు రెండు చోట్లా మట్టిలో ఉండొచ్చు. ఏళ్ళ తరబడి ఉంటుంది."

"దున్నేస్తే?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

ముసలాయన ఇంటికి మేమే వెళ్ళి చెప్పాం. దెబ్బలాడాలనే వెళ్ళాను. ఆయన వరండా మెట్ల మీద కూలబడ్డాడు. "ఇక్కడి చలికాలం మీకు తెలీదు. మా నాన్న పెట్టేవాడు, నేను పెడుతున్నాను. ఆకలితో చావనివ్వమంటారా?" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

మా ఆయన తుపాకీ పెట్టెలో పెట్టేశారు. మేము మళ్ళీ విత్తనం చల్లలేదు. కానీ క్లోవర్ ఎవరూ చల్లకుండానే తిరిగి మొలిచే గడ్డి. వసంతంలో ఒక్కదాన్నే వెళ్ళి చూస్తే మునుపటికంటే ఒత్తుగా పచ్చగా ఉంది. అందులో ఐదారు జింకలు మేస్తున్నాయి. చప్పట్లు కొట్టాను. కేకలు వేశాను. కొంచెం దూరం పరుగెత్తి, ఆగి, నావైపు చూశాయి. నేను కారెక్కేలోపే తిరిగి వచ్చి మేత మొదలుపెట్టాయి.