రెండు ఓడల మాటలు

గస్తీ ఓడలో వైర్‌లెస్ డ్యూటీకి చెన్నై హార్బరులో చేరిన రోజు ఒకటే ఉక్క. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. మా ఇల్లు తొండియార్‌పేట. పోస్టింగు ఇంటి పక్కనే వచ్చిందని అమ్మ మురిసిపోయింది. నెలకు ఇరవై రోజులు నీళ్ళ మీదే ఉంటానని ఆమెకు చెప్పలేదు.

సముద్రంలో సరిహద్దు గీత దగ్గర మా పని. అవతల పొరుగుదేశపు ఓడ. తప్పిపోయిన జాలర్లను కలిసి వెతకాలని రెండు దేశాల ఒప్పందం. దాని ప్రకారం ఉదయం ఆరుకీ సాయంత్రం ఆరుకీ బోట్లన్నీ వినే వైర్‌లెస్ పదహారో ఛానెల్లో పలకరించుకోవాలి. ఇంగ్లీషులోనే మాట్లాడాలని ఆర్డరు.

ఒక మంగళవారం ఉదయం కబురొచ్చింది. ఒడ్డుకు రావాల్సిన తెలుగు జాలర్ల చేపల బోటు రాలేదు, అందులో ఐదుగురు. రెండు ఓడలూ సముద్రాన్ని గడులుగా పంచుకున్నాయి.

"నాలుగో గడి చూశాం. దొరకలేదు. మీకు?"

"ఇంకా లేదు. గీత దాటి ఉంటారు. వదలం," అన్నాడు అవతలి ఆపరేటరు.

రెండు రోజులు ఇదే మాట. ఎండకు కళ్ళు మండిపోయాయి. గురువారం ఉదయం కెప్టెన్ విసుగ్గా, "మీ భాషలో పిలిచి చూడు," అన్నాడు. మైకు అందుకుని తెలుగులో పిలిచాను.

"అన్నా, మిమ్మల్ని పట్టేదానికి కాదు. నీళ్ళు ఇచ్చేదానికి ఎతకతా ఉండాం. ఆడ ఉంటే పలకండి."

మూడోసారి పిలిచాక సెట్టులో ఒక గొంతు పలికింది. "నిజంగానే చెప్తా ఉండావా?"

వాళ్ళు చెప్పిన గుర్తులు పట్టుకుని ఎనిమిదింబావుకు బోటును చేరాం. నలుగురు కూర్చుని ఉన్నారు. ఐదో మనిషి మీద టార్పాలిన్ కప్పారు.

"వైర్‌లెస్ సెట్టు బాగానే ఉందే. ఎందుకు పలకలేదన్నా?" అని బోటు నడిపే పెద్దాయన్ని అడిగాను.

"మీ రెండు ఓడలు మాట్లాడుకునేది వింటానే ఉంటిమి సారూ. ఆ ఇంగ్లీషు మాకు అర్థం కాలేదు. ఇంజను చెడి గీత దాటినాం గదా. ఇద్దరూ కలిసి మమ్మల్ని పట్టేదానికే అనుకొంటిమి. తాగే నీళ్ళు అయిపోయినాక మైకు ఈమని మా తమ్ముడు బతిమాలినాడు. ఈలేదు. ఎవురూ తియ్యకుండా వల దారంతో కట్టేసినా."

తమ్ముడు టార్పాలిన్ కింద ఉన్నాడు. నా మీద నాకే రోత పుట్టింది. పిల్లకూ పిల్లాడికీ చెప్పకుండా పెళ్ళిమాటలు రెండువైపులా పెద్దలే మాట్లాడుకున్నట్టు, మా ఒప్పందం సంగతి ఈ జాలర్లకు ఎవరమూ చెప్పలేదు. వాళ్ళ భాష నోట్లో ఉండి కూడా నేను రెండు రోజులు ఆర్డరు కోసం ఆగాను.

డ్యూటీ ముగించుకుని ఇంటికొచ్చాను. యుద్ధం చూశావా అని వీధిలో అడుగుతారు. లేదంటాను. అలసటగా ఉంటుంది, అంతకుమించి చెప్పబుద్ధి కాదు. కళ్ళు మూసినా తెరిచినా అదే కనిపిస్తుంది. మైకు పక్కన కొక్కేనికి వేలాడుతున్న దారం, నా గొంతు విన్నాక పెద్దాయన కత్తితో కోసినది. దాని ముడులు ఏడు. ఒక్కటీ విడలేదు.